కీర్తి గారి గబ్బిలం

పాళీ భాషలో ‘కిత్తి’ అంటే మన ‘కీర్తి’యే. ధర్మం ధమ్మమైనట్టే, కర్మ కమ్మ అయినట్టే, కీర్తి కిత్తి అయింది. పాళీని ధర్మభాషగా స్వీకరించిన థాయి దేశంలో ఇది నేటికీ మనుషులకు పెట్టుకునే పేరు. ఆ పేరు గల ఒక జంతుశాస్త్రవేత్త 1973 అక్టోబరులో ఒక సున్నపురాతి గుహలోకి వెళ్ళి, అంతవరకు ఏ శాస్త్రగ్రంథానికీ ఎక్కని ఒక గబ్బిలాన్ని పట్టుకున్నారు. 1974 ఫిబ్రవరిలో ఆయన హఠాత్తుగా కన్నుమూశారు. గబ్బిలానికి ఆయన పేరే మిగిలింది. ప్రపంచంలోని పాలిచ్చే జంతువులన్నిటిలోకీ చిన్నదని పిల్లల విజ్ఞాన పుస్తకాలలో బొమ్మ వేసి చూపించేది ఈ గబ్బిలాన్నే.

దీని గురించి దొరికినదల్లా చదవడం కొన్నేళ్ళుగా నాకు అలవాటైంది. మొదట ఆకర్షించినది దాని పరిమాణమే. చదువుతున్నకొద్దీ, అది నివసించే లోయ చరిత్ర దాని చరిత్రతో పెనవేసుకుని కనబడసాగింది. ఆ లోయలో మన భాష మాట్లాడిన మనుషులు కూడా కొందరు ఉన్నారు. కనుక ఈ టపా సగం జీవశాస్త్రం, సగం చరిత్ర. కేవలం శాస్త్రమే కావలసిన మిత్రులు మధ్యలో కొన్ని పేరాలు దాటవేయవచ్చు. దాటవేయరనే నా ఆశ.

ముందుగా కొలతలు. తల మొదలు మొండెం చివరి వరకు 29 నుంచి 33 మిల్లీమీటర్లు, అంటే ఇంచుమించు మన బొటనవేలి పై కణుపంత. బరువు సుమారు 2 గ్రాములు. గురిగింజలతో బంగారం తూచిన కాలపు లెక్కలో చెప్పాలంటే పదహారు గింజల ఎత్తు. పాత తులానికి దాదాపు ఆరు గబ్బిలాలు తూగుతాయి. రెక్కలు చాపినప్పుడు మాత్రం ఈ చివరి నుంచి ఆ చివరికి సుమారు 15 సెంటీమీటర్లు ఉంటుంది. ఒంటిమీద బొచ్చు ఎర్రమట్టి రంగులోనో బూడిద రంగులోనో ఉంటుంది. రెక్కలు అంతకన్నా నల్లన. చెవులు పెద్దవి. కళ్ళు మరీ చిన్నవి, బొచ్చులో కలిసిపోయి వెదికితే గాని కనబడవు. ముక్కు దళసరిగా ఉబ్బి, అచ్చం పంది ముట్టెను తలపిస్తుంది. ఇంగ్లీషువాళ్ళు దీనిని ‘పందిముక్కు గబ్బిలం’ అనీ, ‘తుమ్మెద గబ్బిలం’ అనీ రెండు విధాలా పిలుస్తారు. ఒకటి నింద, ఒకటి స్తుతి. రెండూ నిజమే.

తోక లేదు. వెన్నెముక చివర తోకకు సంబంధించిన పూసలు రెండు ఉన్నా, అవి బయటికి రావు. కాని వెనుక కాళ్ళ నడుమ చర్మపు పొర మాత్రం విశాలంగానే ఉంటుంది. చాలా గబ్బిలాలలో ఈ పొరను చాపి ఉంచడానికి మడమ దగ్గర ముల్లులాంటి మృదులాస్థి ఒకటి పొడుచుకువస్తుంది. దీనికి అదీ లేదు. తోక లేక, మడమ ముల్లూ లేక, అంత పొరను ఇది ఎందుకు మోస్తున్నదా అని మొదటిసారి చదివినప్పుడు నాకు ఆశ్చర్యం వేసింది. ఎగురుతున్నప్పుడు అదుపు కోసమే అని శాస్త్రజ్ఞుల అభిప్రాయం. రెక్కల కొసలు పొడుగ్గా ఉండడం వల్ల తూనీగలాగా గాలిలో ఒకేచోట నిలబడగలదు కూడా.

‘అన్నిటికన్నా చిన్నది’ అన్న బిరుదు విషయంలో ఒక చిన్న తగవు ఉన్నది. ఎట్రస్కన్ చుంచు అనే ఒక చుంచెలుక ఉంది, మన దేశంలోనూ ఉంది; అది సుమారు 1.8 గ్రాములే తూగుతుంది. తూకంలో చుంచు, పొడవులోనూ కపాలపు పరిమాణంలోనూ గబ్బిలం చిన్నవని పెద్దమనుషుల ఒప్పందంలాగా తీర్పు చెప్పి వదిలేశారు. బిరుదు ఎవరికి దక్కితేనేమి గాని, ఈ పోలికలో నిజంగా ఆలోచింపజేసేది వేరే ఉంది. చిన్న గిన్నెలోని పాలు త్వరగా చల్లారతాయని వంటింట్లో అందరికీ తెలుసు. వేడిరక్తపు జంతువుకూ అదే నియమం: శరీరం చిన్నదైనకొద్దీ, దాని ఘనపరిమాణంతో పోలిస్తే చర్మవైశాల్యం పెరిగిపోయి వేడి వేగంగా జారిపోతుంది. ఆ నష్టాన్ని పూడ్చుకోవడానికి చుంచు రోజుకు తన బరువును మించిన ఆహారం తింటూ, రాత్రీ పగలూ వేటాడుతూనే ఉంటుంది. మన గబ్బిలం మార్గం దీనికి పూర్తిగా విరుద్ధం. అది రోజులో ఇరవైమూడు గంటలు కదలదు.

నిజానికి ఇరవైమూడు గంటల పైనే. సాయంత్రం చీకటి పడుతూనే గుహ విడిచి వచ్చి ఒక అరగంట వేటాడుతుంది. మళ్ళీ తెల్లవారుజామున మరో ఇరవై నిమిషాలు. అంతే. భారీ వర్షమో చలో వస్తే అదీ అంతంతమాత్రమే. వేట కోసం పోయేదూరం గుహ నుంచి ఒక కిలోమీటరు దాటదు. వెదురు పొదల మీదుగా, టేకు చెట్ల కొనల చుట్టూ తిరుగుతూ చిన్న ఈగలను, కందిరీగల జాతి పురుగులను, బెరడు పేలవంటి వాటిని పట్టుకుంటుంది. కొన్నిటిని గాలిలోనే, కొన్నిటిని ఆకుల మీద నుంచి. మిగిలిన కాలమంతా గుహ లోపలి భాగంలో, పైకప్పులోని గూడులాంటి గుంతలలో తలకిందులుగా వేలాడుతుంది. ఇతర గబ్బిలాల మాదిరి ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ గుత్తులుగా వేలాడవు. ఒక్కొక్కటీ కాస్త ఎడంగా ఉంటుంది. ఒక గుహలో పది మొదలు ఐదువందల వరకు ఉండవచ్చు, సగటున వంద. ఏడాదికి ఒకే కాన్పు, ఒకే పిల్ల, అదీ వేసవి చివరలో.

ఒకసారి ఈ లెక్కను తిరగేసి చూడండి. ఒక జంతువు రోజుకు యాభై నిమిషాలే బయటికి వస్తుంది, అదీ మనకు కళ్ళు సరిగా కనబడని రెండు సంధ్యలలో. ఒక తుమ్మెద అంత ఉంటుంది. చేసే శబ్దం మన చెవికి అందదు. మనుషుల కంట పడకుండా ఉండడానికి ఇంతకన్నా మంచి ఏర్పాటు ఏముంటుంది?

శబ్దం సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. గబ్బిలాలు చెవులతో చూస్తాయన్న అనుమానం 1790లలో ఇటలీకి చెందిన స్పల్లంజానీ ప్రయోగాలతోనే మొదలైంది. కళ్ళు పోయినా అవి ఏ అడ్డంకికీ తగలకుండా ఎగిరాయి. చెవులు మూసేస్తే గోడలకు కొట్టుకున్నాయి. కాని వినబడని ధ్వని ఒకటి ఉంటుందన్న ఊహ అప్పటికి ఎవరికీ లేదు గనుక ఆ మాట నూట నలభై ఏళ్ళకు పైగా నవ్వులపాలై ఊరకుండిపోయింది. 1938లో హార్వర్డులో డోనాల్డ్ గ్రిఫిన్, పియర్స్ అనే భౌతికశాస్త్ర ఆచార్యుని యంత్రం ముందు గబ్బిలాలను పెట్టినప్పుడు గాని ఆ అరుపులు పట్టుబడలేదు. మనిషి చెవి సుమారు 20 కిలోహెర్ట్జ్ దగ్గర ఆగిపోతుంది. కిత్తి గబ్బిలం పలికే స్వరం, 1993లో డెన్మార్కు పరిశోధకులు ప్రకటించిన దాని ప్రకారం, ప్రధానంగా 73 కిలోహెర్ట్జ్ దగ్గర ఉంటుంది. గాలిలో ధ్వనివేగాన్ని ఈ సంఖ్యతో భాగిస్తే తరంగదైర్ఘ్యం దాదాపు 4.7 మిల్లీమీటర్లని తేలుతుంది. తరంగదైర్ఘ్యం కన్నా మరీ చిన్న వస్తువు నుంచి ప్రతిధ్వని సరిగా తిరిగి రాదు. అంటే ఈ గబ్బిలం గొంతులోనే దాని పళ్ళెం కొలత ఉన్నదన్నమాట. ఇంకా లావు గొంతుతో అరిస్తే ఈ చిన్న ఈగలు దానికి ‘కనబడవు’.

ఇక కిత్తి గారి గురించి. పూర్తి పేరు కిత్తి థోంగ్‌లోంగ్యా. బ్యాంకాక్‌లోని అనువర్తిత శాస్త్ర పరిశోధన సంస్థలో జంతు నమూనాల సంగ్రహానికి పనిచేశారు. నలభై అయిదేళ్ళు నిండీ నిండకుండా పోయిన ఆ మనిషి పేరున మూడు గొప్ప గుర్తింపులు ఉన్నాయి. వాటిలో ఒకటి నేరుగా మనకు సంబంధించినది.

మొదటిది ఒక పక్షి. 1968 జనవరిలో బూంగ్ బోరపేట్ అనే పెద్ద సరస్సు దగ్గర, రెల్లుపొదలలో రాత్రి నిద్రకు చేరే వానకోయిలలకు కాలికి కడియాలు వేసే పని జరుగుతుండగా, పట్టిన పిట్టలలో వేరే రకం ఒకటి కనబడింది. కంటిచుట్టూ తెల్లని వలయం. నల్లని ఒంటికి పచ్చనీలపు మెరుపు. దాని దగ్గరి బంధువు ఎక్కడున్నదయ్యా అంటే ఆఫ్రికాలో, కాంగో నది ఒడ్డున! కిత్తి దానికి అప్పటికి బాలికగా ఉన్న రాకుమారి సిరింధోర్న్ పేరు పెట్టారు. శ్రీమంతమైన పేరు పెట్టినా ఆ పిట్టకు ఆయువు చాలినట్టు లేదు. 1980 తర్వాత దానిని చూసినట్టు నిర్ధారణ అయిన సాక్ష్యం ఒక్కటీ లేదు.

రెండవది బొంబాయిలో దొరికింది, అడవిలో కాదు. 1948లో అంగస్ హటన్ అనే తోటల దొర తమిళదేశంలోని మేఘమలై కొండలలో ఒక పండ్లగబ్బిలాన్ని పట్టి బొంబాయి సహజచరిత్ర సంఘానికి పంపారు. అక్కడ దానికి మన తోటలలో, అరటిచెట్ల దగ్గర సర్వసాధారణంగా కనబడే గబ్బిలం పేరే చీటీ మీద రాసి సొరుగులో పెట్టారు. రెండు దశాబ్దాలకు పైగా అది అలాగే ఉన్నది. ఎందరో పండితులు ఆ సొరుగు తెరిచి మూసి ఉంటారు. బ్యాంకాక్ నుంచి వచ్చిన కిత్తి దాని పళ్ళు చూసి, ఇది ఆ జాతి కాదు, అసలు తెలిసిన ఏ ప్రజాతీ కాదని గుర్తించారు. 1972లో ఆ సంఘపు పత్రికలోనే ప్రకటిస్తూ దానికి సలీం అలీ పేరు పెట్టారు. మన దేశపు జంతువును మన దేశపు సొరుగులోనే గుర్తుపట్టి, మన పక్షిశాస్త్రవేత్త పేరు పెట్టి వెళ్ళిన ఆ థాయి మనిషి పేరు మనలో ఎంతమందికి తెలుసు? సలీం అలీ గబ్బిలాన్ని 1990లలో మళ్ళీ అడవిలో చూడగలిగారు. అది ఇప్పుడు అంతరించే ప్రమాదం ఉన్నవాటి జాబితాలో ఉన్నది.

మూడవదే సాయ్ యోక్ గుహలలోని మన బుల్లి గబ్బిలం. లండన్ బ్రిటిష్ మ్యూజియంలో జాన్ ఎడ్వర్డ్స్ హిల్ అనే గబ్బిలాల పండితునితో కిత్తికి స్నేహం. ఇద్దరూ కలిసి థాయిలాండ్, కంబోడియాల గబ్బిలాల మీద 1972లో ఒక పెద్ద వ్యాసం వెలువరించారు. ఈ కొత్త నమూనాలను వర్ణించే పని హిల్ మీద పడింది. మిత్రుడు అప్పటికి లేడు. హిల్ ముందున్న చిక్కు ఏమిటంటే, ఈ జంతువు ఏ కుటుంబంలోనూ ఇమడలేదు. కొన్ని లక్షణాలు మన పాత కోటలలో, పాడుపడ్డ సమాధులలో వేలాడే ఎలుకతోక గబ్బిలాలను పోలి ఉన్నాయి. మరికొన్ని వేరొక కుటుంబాన్ని. చివరికి ఆయన ఒక కొత్త జాతి, దానికోసం ఒక కొత్త ప్రజాతి, దానికోసం ఒక కొత్త కుటుంబం, మూడూ ఒకే వ్యాసంలో 1974లో సృష్టించవలసి వచ్చింది. ఇరవయ్యవ శతాబ్దం రెండవ సగంలో క్షీరదాలలో ఒక కొత్త కుటుంబం! ప్రజాతికి పెట్టిన పేరు క్రేసియోనిక్టెరిస్. గ్రీకులో మిశ్రమమైన గబ్బిలం అని. జాతికి థోంగ్‌లోంగ్యై, కిత్తి ఇంటిపేరు. ఈనాటికీ ఆ కుటుంబంలో సభ్యత్వం ఈ ఒక్కదానికే. తర్వాత వచ్చిన జన్యు పరిశోధనలు దీనిని గుర్రపునాడ ముక్కు గబ్బిలాల, ఆకుముక్కు గబ్బిలాల పక్కన చేర్చాయి. ఆ పెద్ద శాఖలోనే పండ్లగబ్బిలాలూ ఉన్నాయి. అంటే పురుగులు తినే ఈ రెండు గ్రాముల జీవి, మన ఇళ్ళ చూరులలో దూరే చిట్టి గబ్బిలానికన్నా సలీం అలీ పండ్లగబ్బిలానికే దగ్గరి చుట్టం. రూపం చూసి చుట్టరికం చెప్పడం ఎంత కష్టమో!

ఇప్పుడు ఆ లోయ. కొత్త జంతువు దొరికిందనగానే పత్రికలవాళ్ళు మనుషులు అడుగుపెట్టని కారడవి అని రాయడానికి అలవాటుపడ్డారు. సాయ్ యోక్ అటువంటి చోటు కానే కాదు. కాంచనబురి, అంటే కాంచనపురి జిల్లాలో క్వే నోయి అనే నది ఒడ్డున ఉంది. దానిలో ‘నోయి’ అంటే చిన్న. చిన్న పాయ అని అర్థం. ఈ నది వెంటే 1942, 1943 సంవత్సరాలలో జపాను సైన్యం థాయిలాండ్‌లోని బాన్ పోంగ్ నుంచి బర్మాలోని థాన్‌బ్యుజాయత్ దాకా 415 కిలోమీటర్ల రైలుమార్గం వేయించింది. చరిత్రలో దానికి మరణరైలుమార్గం అని పేరు.

దాని మీద వచ్చిన ఇంగ్లీషు సినిమాను 1957లో విడుదల చేశారు. చిత్రీకరణ జరిగింది శ్రీలంకలో. తెర మీద కనబడేది తెల్ల సైనికుల కథ. నిజంగా అక్కడ అరవై వేలకు పైగా యుద్ధఖైదీలు పనిచేసి, పన్నెండు వేలకు పైగా చనిపోయారు. అది సామాన్యమైన దుఃఖం కాదు. కాని వారికి తోడు లక్షా ఎనభై వేలకు తక్కువ కాని ఆసియా కూలీలు ఉన్నారు: బర్మా వాళ్ళు, మలయా వాళ్ళు, జావా వాళ్ళు. వారిలో చనిపోయినవారి సంఖ్య తొంభై వేల వరకు ఉంటుందని అంచనా. అంచనా అనే అనాలి, ఎవరూ లెక్క రాయలేదు గనుక. మలయా రబ్బరు తోటల నుంచి తరలించినవారిలో అత్యధికులు తమిళులు. వారితో పాటు తెలుగువారూ ఉన్నారు. ఉత్తరాంధ్ర జిల్లాల నుంచి కంగాణీల వెంట ఓడలెక్కి వెళ్ళిన కుటుంబాల వారు. కొందరికి మూడు నెలల పని అని చెప్పి, కొందరిని బలవంతాన పట్టుకుని రైలు పెట్టెలలో ఎక్కించారు. కలరా, మలేరియా, ఆకలి. సైనికులకు తమ వైద్యులైనా ఉన్నారు, రహస్యంగా చీటీల మీద మృతుల పేర్లు రాసిపెట్టిన అధికారులు ఉన్నారు. కూలీలకు అదీ లేదు.

జాషువా గారి ‘గబ్బిలం’ 1941లో వెలువడింది. తన గోడు దేవుడికి చెప్పుకోవడానికి గుడిలోకి పోలేని మనిషి, గుడిలోకి పోగలిగిన గబ్బిలాన్ని బతిమాలుకున్న కావ్యం అది. మరుసటి ఏడే ఈ రైలుమార్గం పని మొదలైంది. ఆ రెంటికీ సంబంధం లేదని నాకూ తెలుసు. అయినా క్వే నోయి ఒడ్డున తెలుగు కూలీలు పడుకున్న గుడిసెల మీదుగా సంధ్యవేళ ఒక అరగంట పాటు ఆ బుల్లి గబ్బిలాలు తిరిగి ఉంటాయని తలచినప్పుడల్లా, ఆ కావ్యం మనసులోకి రాక మానదు.

కొన్నేళ్ళ క్రితం నేను ఆ రైలెక్కాను. యుద్ధం తర్వాత ఆ మార్గంలో చాలా భాగం పీకేశారు. నామ్‌తోక్ దాకా మిగిలిన ముక్క మీద ఇప్పటికీ బండి నడుస్తుంది. నామ్‌తోక్ అంటే జలపాతం. బ్యాంకాక్ అవతలి ఒడ్డున థోన్‌బురి స్టేషనులో మూడో తరగతి పెట్టె, కిటికీలకు అద్దాలు పైకెత్తి, గాలి ధారాళంగా. థామ్ క్రసే దగ్గర కొండ చరియకు అతికించినట్టు కట్టెల వంతెన. దాని మీద బండి నత్తనడక నడిచింది. ఒకపక్క నది, మరోపక్క చెయ్యి చాపితే తగిలే సున్నపురాయి. పక్కనే ఒక గుహ, లోపల బుద్ధవిగ్రహం. తోటి ప్రయాణికులందరూ నది వైపు వంగి ఫొటోలు తీసుకుంటున్నారు. నేను కొండ వైపు కిటికీ దగ్గర కూర్చుని రాతిలోని నెర్రెలనూ రంధ్రాలనూ చూస్తూ ఉండిపోయాను. మధ్యాహ్నం వేళ ఏ గబ్బిలమూ కనబడదు, కనబడలేదు. అంతకు ముందు రోజు కాంచనబురి యుద్ధ శ్మశానవాటికలో వరుసల వెంట నడిచాను. దాదాపు ఏడువేల సమాధులు, పచ్చిక నున్నగా కోసి, ప్రతిదాని పైనా కంచుపలక. పేరు, దళం, వయస్సు. ఇరవైరెండు, ఇరవైనాలుగు, పందొమ్మిది. అది సైనికుల కోసం కట్టినది గనుక కూలీల పేర్లు అక్కడ ఉండవని తెలిసీ, ఒక్క వరుస చివర మాత్రం ఆగి వెదికాను.

ఆ రైలుమార్గం పనిలోనే ఒక విచిత్రం జరిగింది. వాన్ హీకరెన్ అనే డచ్చి పురావస్తు శాస్త్రజ్ఞుడు ఖైదీగా అక్కడ మట్టి తవ్వుతూ, 1943లో బాన్ కావ్ దగ్గర రాతియుగపు పనిముట్లు ఏరి దాచుకున్నాడు. బతికి బయటపడి, యుద్ధం తర్వాత మళ్ళీ వచ్చాడు. 1960 నుంచి 1962 వరకు థాయి–డెన్మార్కు బృందం ఆ లోయను తవ్వింది; సాయ్ యోక్ గుహ కూడా వారు తవ్విన చోట్లలో ఒకటి. నేల కిందనున్న వేల సంవత్సరాల నాటి మనుషులను వారు చూశారు. ఆ లోయ కొండల గుహలలో వేలాడుతున్నది ఏమిటో చూడవలసిన పని వారికి లేదు. గుహలలో ధ్యానానికి కూర్చున్న భిక్షువులూ, గబ్బిలాల రెట్టను ఎరువు కోసం తవ్వుకునే ఊరివాళ్ళూ దానిని ఎన్నడూ చూసి ఉండరని నేననుకోను. చూసినది ఏమిటో తెలియడానికి మాత్రం, వందల గబ్బిలాల పళ్ళు వరుసగా చూసి అలవాటైన కన్ను ఒకటి కావలసివచ్చింది. బొంబాయి సొరుగులో పనిచేసిన కన్నే సాయ్ యోక్ గుహలోనూ పనిచేసింది.

అయితే పేరు రావడంతోనే గబ్బిలానికి కష్టాలు మొదలయ్యాయి. ప్రపంచంలో అతి చిన్న జంతువట అని తెలియగానే సంగ్రహాల కోసం పట్టుకుపోయినవారు కొందరు. పర్యాటకులకు జ్ఞాపికలుగా అమ్ముకోవడానికి పట్టినవారు కొందరు. 1980లో ఆ ప్రాంతంలో సాయ్ యోక్ జాతీయ వనం ఏర్పడింది. థాయి చట్టం దీనికి రక్షణ ఇచ్చింది. ఆ తరువాత వెదికినకొద్దీ మరికొన్ని పదుల గుహలలో ఇది ఉన్నట్టు తేలింది. అందుచేత అంతర్జాతీయ జాబితాలో దీని స్థానం కొంచెం మెరుగుపడి, ప్రస్తుతం ‘ప్రమాదానికి చేరువలో’ అన్న తరగతిలో ఉన్నది. సంతోషించవలసినదే. కాని ఒక్కొక్క గుహలో వందే ఉండి, ఏడాదికి ఒకే పిల్లను కని, గుహకు కిలోమీటరు దాటి వేటకు పోని జంతువుకు ఇల్లు అంటే ఆ గుహ, దాని ముందరి చెట్లు, అంతే. ఎండాకాలంలో పొలాల కోసం పెట్టే కారుచిచ్చు ఆ చెట్లను తినేస్తుంది. గుహలో అగరుబత్తుల పొగ, దీపాలు, జనసంచారం దాన్ని నిద్రపోనివ్వవు. అన్నిటినీ మించి, ఆ కొండ సున్నపురాయి. సున్నపురాయి అంటే సిమెంటు. చెట్లు కొట్టేస్తే మళ్ళీ మొలవవచ్చు. పేల్చిన గుహ మళ్ళీ రాదు.

ఇది ఎక్కడో పరాయిదేశపు గోల అనుకోనక్కరలేదు. మన సరిహద్దు దాటీ దాటగానే, తెలుగు ధారాళంగా వినబడే కోలారు జిల్లా ముళబాగిలు తాలూకాలో, హనుమనహళ్ళి గ్రామం దగ్గర ఒక నల్లరాతి గుహ ఉంది. కోలారు ఆకుముక్కు గబ్బిలం అనే జాతి, 1994లో శాస్త్రానికి ఎక్కినది, ప్రస్తుతం ప్రపంచం మొత్తం మీద ఆ ఒక్క గుహలోనే ఉన్నట్టు తెలుసు. పక్కనున్న తేరహళ్ళిలోనూ మొదట ఉండేది. అక్కడ ఇప్పుడు లేదు. మిగిలినవి రెండు వందలకు లోపే. అక్కడ సిమెంటు బదులు గ్రానైటు, అంతే తేడా. ఉస్మానియా విశ్వవిద్యాలయపు పరిశోధకులు ఆ గబ్బిలాలను లెక్కించి, రాతి తవ్వకాన్ని ఆపించడానికి చేసిన కృషి గురించి విడిగా రాయాలి. కిత్తి గబ్బిలానికి పదుల కొద్దీ గుహలు. దీనికి ఒక్కటి. అయినా ప్రపంచానికి తెలిసినది మొదటిదే. అతి చిన్నది, అతి పెద్దది అని చెప్పుకోవడానికి వీలుంటే తప్ప మన చెవికి ఎక్కదు కాబోలు.

కథలో మిగిలినది బర్మా భాగం. 2001 దాకా ఈ గబ్బిలం థాయిలాండ్‌కే పరిమితమని అందరి నమ్మకం. ఆ సంవత్సరం బర్మాలోని మోన్, కాయిన్ రాష్ట్రాలలో, మౌల్మీన్ చుట్టుపట్ల తాన్‌ల్విన్, అటరాన్ వంటి నదుల ఒడ్డునున్న సున్నపురాతి కొండలలో కూడా ఇది ఉన్నదని ప్రకటించారు. ఆ గుహలు తెల్లదొరల కాలం నుంచి ప్రసిద్ధమైనవే. అన్నండేల్, కాగిన్ బ్రౌన్, గ్రేవ్లీ అనే ముగ్గురు 1913లో బర్మా, మలయా సున్నపురాతి గుహల మీద ఒక వ్యాసమే రాశారు. ఆ గ్రేవ్లీయే ఆ తర్వాత మద్రాసు మ్యూజియానికి అధిపతి. జంతువులను గుర్తుపట్టడమే వృత్తిగా గలవారు ఆ గుహలను తిరిగి చూసినా, ఇది అప్పుడూ లోకానికి తెలియలేదు. అన్నట్టు మౌల్మీన్ మనవాళ్ళకు కొత్త ఊరు కాదు. కోరంగి రేవు నుంచి ఓడలెక్కి వెళ్ళినందుకు బర్మాలో తెలుగువారందరికీ ‘కోరంగీలు’ అన్న పేరు పడింది. మోన్ రాష్ట్రంలో తెలుగు కుటుంబాలు నేటికీ ఉన్నాయి.

బర్మా గబ్బిలాలు, థాయి గబ్బిలాలు కంటికి ఒకేలా ఉంటాయి. గొంతు మాత్రం వేరు. బర్మా వాటి స్వరం ఇంకా పై స్థాయిలో పలుకుతుంది. తేడా సుమారు పది కిలోహెర్ట్జ్. 2011లో వెలువడిన జన్యు పరిశోధన ప్రకారం ఈ రెండు జనాభాల నడుమ రాకపోకలు ఏమాత్రమూ లేవు. దాదాపు నాలుగు లక్షల సంవత్సరాల కింద విడిపోయాయి. ముందు దూరం విడదీసిందనీ, గొంతులు ఆ తర్వాత మారాయనీ వారి నిర్ణయం. ఒకే ఇంట పుట్టినవాళ్ళు వేరు దేశాలకు పోయి స్థిరపడితే యాస మారినట్టు. ఇవి రెండు వేర్వేరు జాతులా, ఒకే జాతిలో రెండు శాఖలా అన్న ప్రశ్న దీనితో తలెత్తింది. ఒకవేళ రెండు జాతులని తీర్మానిస్తే, నామకరణ నియమం ఒకటి ఉన్నది: మొదటి నమూనా ఎక్కడ దొరికిందో అక్కడి వాటికే పాత పేరు చెందుతుంది. కిత్తి పేరు సాయ్ యోక్ గబ్బిలాలకు ఉంటుంది. తాన్‌ల్విన్ ఒడ్డునున్న వాటికి కొత్త పేరు ఒకటి వెదకవలసి ఉంటుంది.